కౌన్సెలర్ మేడం రిటైరవుతున్నారు: ఆమె పేరు మీద ఏం చేస్తే నిలుస్తుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ యూనివర్సిటీలో చాలా ఏళ్ళుగా విద్యార్థుల కౌన్సెలర్‌గా ఉన్న మేడం ఈ విద్యా సంవత్సరం చివర్లో రిటైరవుతున్నారు. పూర్వ విద్యార్థులంతా కలిసి ఆమె పేరు నిలిచేలా ఏదైనా చేయాలనుకుంటున్నారు. కొందరు సైకాలజీలో గోల్డ్ మెడల్ అంటున్నారు. కొందరు సెమినార్ హాలుకు ఆమె పేరు పెట్టిద్దామంటున్నారు. ఆమె సాయం పొందినవాళ్ళ అనుభవాలతో సావనీర్ వేద్దామని ఇంకొందరు. అమెరికాలో ఉన్న మీ మిత్రులు డబ్బు పంపడానికి సిద్ధంగా ఉన్నారు. వీటిలో ఏది మంచిదని మీ ప్రశ్న.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. ఆమె కుర్చీ ఒక్క రోజు కూడా ఖాళీగా ఉండకుండా చూడండి. మెడల్, హాలు, సావనీర్ అన్నీ ఆ తర్వాత. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో వివరించాలంటే కాస్త పొడుగ్గా రాయాలి, ఓపిక పట్టండి.

నేను సైకాలజీ చదివి ఒక రాష్ట్ర యూనివర్సిటీలో కౌన్సెలర్‌గా పనిచేశాను. ఇప్పుడు కాలేజీల్లో వార్డెన్లకూ లెక్చరర్లకూ శిక్షణ ఇస్తున్నాను. నేను ఉద్యోగంలో చేరింది కూడా ఇలాగే ఒక గొప్ప కౌన్సెలర్ రిటైరైన గదిలోనే. ఆమెకు వీడ్కోలు సభ ఘనంగా జరిగిందట. శాలువాలు కప్పారు, వైస్ ఛాన్స్‌లర్ గారు మాట్లాడారు, ఫోటో కట్టించి పెట్టారు. ఆమె వెళ్ళడానికీ నేను చేరడానికీ మధ్య ఏడాది పైగా గడిచింది. పోస్టు నింపడానికి ఫైలు కదల్లేదు. నేను వెళ్ళేసరికి ఆ గదిలో ఎన్ఎస్ఎస్ బ్యానర్లు, పాత జవాబు పత్రాల కట్టలు ఉన్నాయి. ఆ ఏడాదిలో కష్టమొచ్చిన పిల్లలు ఎక్కడికి వెళ్ళారో ఎవరూ చెప్పలేకపోయారు. కొందరు మాత్రం మేడం సొంత ఫోన్ నంబరుకు చేస్తూనే ఉన్నారని తర్వాత తెలిసింది. ఆమె రిటైరై కూడా రాత్రిళ్ళు ఆ ఫోన్లు ఎత్తేవారు.

ఆమె చేసిన పనిలో ఏది నిలిచిందో, ఏది పోయిందో ఆ గదిలో కూర్చున్నాక నాకు మెల్లగా తెలిసొచ్చింది. మీకు ఉపయోగపడేది అదే.

మొదట నిలిచినవి చెబుతాను. ఫీజు బకాయి ఉందని ఏ విద్యార్థి హాల్ టికెట్టూ ఆపకూడదని, తర్వాత కడతామని రాతపూర్వక హామీ (అండర్‌టేకింగ్) తీసుకుని పరీక్ష రాయనివ్వాలని ఆమె పట్టుబట్టి రిజిస్ట్రార్ చేత సర్క్యులర్ ఇప్పించారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు ఎప్పుడు పడుతుందో తెలియని మన రాష్ట్రాల్లో ఇది ఎంత పెద్ద విషయమో మీకు చెప్పక్కర్లేదు. ఆ సర్క్యులర్ ఆమె వెళ్ళాక కూడా అమల్లో ఉంది. పరీక్షల విభాగంలో ఉన్నవాళ్ళకు అది ఎవరి పట్టుదల వల్ల వచ్చిందో కూడా గుర్తు లేదు, కానీ పాటిస్తున్నారు. అలాగే, హాజరు తక్కువై డిటెయిన్ అయినవాళ్ళ జాబితాను నోటీసు బోర్డు మీద అంటించే ముందే, ఆ జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరినీ డిపార్ట్‌మెంట్ నుంచి ఒక టీచర్ విడిగా కూర్చోబెట్టుకుని మాట్లాడాలన్న పద్ధతి. ఇది రెండు మూడు డిపార్ట్‌మెంట్లలో ఇప్పటికీ జరుగుతోంది. ఏడాది పోయిందన్న సంగతిని నలుగురి మధ్య నిలబడి బోర్డు మీద చదువుకోవడానికీ, ఒక గదిలో కూర్చుని తెలిసిన మనిషి నోటి నుంచి వినడానికీ చాలా తేడా ఉంది. రెండో పద్ధతిలో, "తర్వాత ఏం చేయాలో చూద్దాం రా" అనే మాట కూడా వెంటనే వినబడుతుంది.

ఇంకొకటి, హాస్టల్ రాత్రి కాపలాదారు. మేడం ఆయనతో, మెస్‌లో వడ్డించేవాళ్ళతో, రీడింగ్ రూమ్ అటెండర్‌తో ఏళ్ళ తరబడి మాట్లాడుతూ వచ్చారు. ఎవరైనా వరసగా భోజనానికి రాకపోయినా, పుస్తకాలూ బట్టలూ పంచిపెట్టేస్తున్నా, రాత్రిపూట ఒంటరిగా తిరుగుతున్నా ఏం చేయాలో, ఎవరికి చెప్పాలో ఆయనకు నేర్పారు. నేను చేరిన కొత్తల్లో ఆయనే వచ్చి, "సార్, ఆ చివరి బ్లాకులో ఒక అబ్బాయి మూడు రోజులుగా గది దాటట్లేదు, మీరొకసారి చూడాలి" అన్నాడు. డిగ్రీలున్న మాకెవరికీ తెలియని సంగతి ఆయనకు తెలిసింది. ఆ శిక్షణకు సర్టిఫికెట్ లేదు, ఫైలు లేదు. మేడం నేర్పింది ఆయనలో ఉంది.

ఇక పోయినవి. ఆమె సొంత పరిచయాల మీద నడిచినవన్నీ పోయాయి. స్కాలర్‌షిప్ సెక్షన్‌లో ఎవరిని అడిగితే పని అవుతుందో ఆమెకు తెలుసు, అది ఎక్కడా రాసి లేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఏ సైకియాట్రిస్టు మన పిల్లల్ని వరసలో నిలబెట్టకుండా చూస్తారో ఆమెకు తెలుసు, అదీ రాసి లేదు. పిల్లల దగ్గర ఉన్నది కౌన్సెలింగ్ సెంటర్ నంబరు కాదు, ఆమె నంబరు. చిన్న కోర్సు మొదలుపెట్టి సీనియర్ విద్యార్థులకు తర్ఫీదు ఇచ్చేవారట. ఆ బ్యాచ్ పాసై వెళ్ళిపోయింది, కొత్త బ్యాచ్‌ని తయారుచేసే మనిషి లేక అది ఆగిపోయింది.

దీన్నిబట్టి నాకు అర్థమైంది, ఆ తర్వాత ఇన్నేళ్ళ పనిలో గట్టిపడిందీ ఒకటే. కౌన్సెలర్ మంచితనం ఆమెతోనే వెళ్ళిపోతుంది. ఆ మంచితనాన్ని ఆమె దేనిదేనిలోకి మార్చిందో అది నిలుస్తుంది: ఒక రూలు, ఒక పోస్టు, తర్ఫీదు పొందిన నలుగురు మనుషులు. మీ మేడం గౌరవార్థం చేసే పని ఈ మార్పిడి పూర్తయ్యేలా ఉండాలి.

ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. 1953 నవంబరులో లండన్‌లోని సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ చర్చిలో చాడ్ వారా అనే మతాచార్యుడు, చనిపోవాలనిపిస్తున్నవాళ్ళు తనకు ఫోన్ చేయవచ్చు, వచ్చి కలవవచ్చు అని ప్రకటించాడు. 1935లో, ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఆయన జరిపించిన మొదటి అంత్యక్రియలు ఆత్మహత్య చేసుకున్న పద్నాలుగేళ్ళ అమ్మాయివి. అది ఆయన్ను జీవితాంతం వదల్లేదు. ప్రకటన వెయ్యగానే జనం వచ్చారు. ఆయన ఒక్కడు, వచ్చేవాళ్ళు ఎక్కువ. బయట ఎదురుచూసేవాళ్ళకు టీ ఇవ్వడానికి, పలకరించడానికి కొందరు వాలంటీర్లు ఉండేవారు. కొన్నాళ్ళకు ఆయన గమనించిందేమిటంటే, ఆ వాలంటీర్లతో మాట్లాడినవాళ్ళలో చాలామందికి ఆ తర్వాత లోపలికి వచ్చి తనను కలవాల్సిన అవసరమే ఉండటం లేదు. 1954 ఫిబ్రవరి నాటికే పనిని వాలంటీర్లకు అప్పగించాడు. సమారిటన్స్ అనే సంస్థ అలా మొదలైంది. ఆయన 2007లో చనిపోయాడు, సంస్థ నేటికీ నడుస్తోంది. మొదలుపెట్టిన నాలుగు నెలల్లోపే ఇతరులకు అప్పగించాడు చూడండి, నాకు ఆ కథలో అన్నిటికంటే విలువైనది అదే.

మన పక్కనే ఇంకో ఉదాహరణ ఉంది. చెన్నైలో సైకియాట్రిస్టు లక్ష్మీ విజయకుమార్ 1986లో స్నేహ అనే సంస్థను స్థాపించారు. దుఃఖంలో ఉన్నవాళ్ళ మాట వినడం వాళ్ళ రోజువారీ పని. అయితే ఆమె అక్కడితో ఆగలేదు. పరీక్షా ఫలితాల రోజుల్లో పిల్లలు ఎందుకు చనిపోతున్నారో చూసి, తప్పిన సబ్జెక్టును ఏడాది ఆగకుండా కొద్ది వారాల్లోనే మళ్ళీ రాసుకునే సప్లిమెంటరీ పరీక్ష పెట్టాలని తమిళనాడు ప్రభుత్వంతో వాదించారు. అది వచ్చింది. ఆ పరీక్ష రాసే పిల్లకు స్నేహ అన్న పేరు తెలియక్కర్లేదు, లక్ష్మీ విజయకుమార్ ఎవరో తెలియక్కర్లేదు. మన దగ్గర ఇంటర్ అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ రాసి, ఏడాది పోకుండా ఆ ఏడే డిగ్రీలో చేరిన పిల్లలు మీ బంధువుల్లోనే ఉంటారు. ఒక పరీక్ష తేదీ మార్చడం వల్ల ఎంత టెన్షన్ తగ్గుతుందో వాళ్ళ అమ్మానాన్నల్ని అడగండి.

కాబట్టి మీ సంఘం తరఫున ముందు చేయాల్సిన పని వైస్ ఛాన్స్‌లర్ గారిని కలిసి పోస్టు గురించి అడగడం. సన్మానం గురించి అడిగితే వెంటనే సరేనంటారు. పోస్టు గురించి అడిగితే బడ్జెట్ అంటారు, ప్రభుత్వ అనుమతి అంటారు, ప్రస్తుతానికి సైకాలజీ డిపార్ట్‌మెంట్‌లో ఎవరికైనా అదనపు బాధ్యత ఇద్దామంటారు. ఆ అదనపు బాధ్యతకు ఒప్పుకోవద్దు. క్లాసులో మార్కులు వేసే టీచర్ దగ్గర విద్యార్థి మనసు విప్పి మాట్లాడలేడు. అవుట్‌సోర్సింగ్‌లో ఆరు నెలలకొకర్ని మార్చినా అదే నష్టం. ఒకసారి కష్టం మొత్తం చెప్పుకున్న పిల్ల, మళ్ళీ కొత్త మనిషికి మొదటి నుంచి చెప్పమంటే రాదు.

మీ చేతిలో ఇప్పుడు గట్టి ఆధారం కూడా ఉంది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని 2023లో చనిపోయిన కేసులో, సుప్రీం కోర్టు 2025 జూలై 25న తీర్పు ఇస్తూ దేశమంతటికీ వర్తించేలా 15 మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రభుత్వాలు చట్టం చేసేదాకా ఇవి పాటించి తీరాలంది. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యా సంస్థా అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని నియమించాలి. బోధన సిబ్బందికీ, మిగతా సిబ్బందికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇప్పించాలి. హాస్టళ్ళలో, తరగతి గదుల్లో, వెబ్‌సైట్‌లో హెల్ప్‌లైన్ నంబర్లు పెద్ద అక్షరాలతో కనబడాలి. అదే ఏడాది మార్చిలో ఇంకో కేసులో, ఉన్నత విద్యా సంస్థల్లో ఆత్మహత్యల మీద జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ టాస్క్‌ఫోర్స్‌ను కూడా వేసింది. 2022 ఒక్క ఏడాదిలో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర నమోదు సంస్థ లెక్క. కోర్టు ఊరికే స్పందించలేదు. మీ అర్జీలో మొదటి పేరా ఈ తీర్పు మీదే రాయండి. కొన్ని వేల మంది చదివే యూనివర్సిటీకి ఒక్క కౌన్సెలర్ ఏ మూలకూ చాలరని, మేడం ఒక్కరే ఇన్నాళ్ళూ అంత బరువు మోశారని రెండో పేరాలో రాయండి.

కొత్తగా వచ్చేవాళ్ళ అర్హతల గురించి మాట వస్తుంది కాబట్టి చెబుతున్నాను. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. కౌన్సెలర్ మందులు రాయరు. మందులు అవసరమైతే సైకియాట్రిస్టు దగ్గరికి పంపాలి, ఆ దారి ముందే ఏర్పాటై ఉండాలి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యాలయం ఉన్నాయి. మిగతా చోట్ల జిల్లా ఆసుపత్రి, మెడికల్ కాలేజీ సైకియాట్రీ విభాగాలు చూసుకోవాలి. అయితే డిగ్రీ కంటే ముందు నేను చూసేది వేరు. అభ్యర్థికి తెలుగు బాగా రావాలి, పల్లె తెలుగు అర్థం కావాలి. ట్రిపుల్ ఐటీల సంగతే తీసుకోండి. 2008లో మొదలైన ఆ సంస్థల్లో పదో తరగతి అయిన పిల్లలు ఆరేళ్ళ కోర్సులో చేరతారు. పదిహేనేళ్ళకు ఊరు దాటి బాసరకో నూజివీడుకో ఇడుపులపాయకో వచ్చిన పిల్ల, "నాకు డిప్రెషన్" అని చెప్పదు. కడుపులో మంటగా ఉంది సార్, అంటుంది. నిద్ర పట్టట్లేదు, చదివింది నిలవట్లేదు, అంటుంది. లేకపోతే బోనఫైడ్ సర్టిఫికెట్ గురించి అడగడానికి వచ్చినట్టు వచ్చి, కాసేపు కూర్చుని, లేచే ముందు అసలు మాట చెబుతుంది. ఆ చివరి రెండు నిమిషాల కోసం మొదటి ఇరవై నిమిషాలు ఓపిగ్గా వినేవాళ్ళు కావాలి.

యూనివర్సిటీ రూల్స్ కూడా వాళ్ళకు కంఠతా రావాలి. ఇది చాలామందికి చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నా అనుభవంలో సగం ప్రాణాలు దీనిమీదే నిలుస్తాయి. జేఎన్టీయూ పద్ధతిలో 75 శాతం హాజరు ఉండాలి, అనారోగ్య కారణాలుంటే 65 దాకా మినహాయింపు (కండోనేషన్) దొరుకుతుంది. మానసిక అనారోగ్యం కూడా అనారోగ్యమేనని, డాక్టరు సర్టిఫికెట్‌తో దానికీ కండోనేషన్ అడగవచ్చని పిల్లలకు తెలియదు, చాలామంది టీచర్లకూ తోచదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం పరిధిలో నేర్చుకోవడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులూ, మానసిక వ్యాధులూ ఉన్నాయి. అర్హత ఉన్నవాళ్ళకు పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి. మేథ్స్-1 నాలుగుసార్లు తప్పిన అబ్బాయికి అక్షరాలు కలగాపులగంగా కనిపిస్తున్నాయని బీటెక్ మూడో ఏడాదిలో తెలియడం నేను చూశాను. అప్పటిదాకా అందరూ వాడిని బద్ధకస్తుడన్నారు.

(మీ మిత్రుల్లో అమెరికాలో ఎంఎస్ చేస్తున్నవాళ్ళుంటే వాళ్ళకూ ఒక మాట. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్ళు వైద్య కారణాలతో తక్కువ క్రెడిట్లు తీసుకోవచ్చు. అక్కడి డాక్టరు గానీ, లైసెన్సు ఉన్న క్లినికల్ సైకాలజిస్టు గానీ ఇచ్చే లేఖతో యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు నుంచి ముందుగా అనుమతి తీసుకోవాలి. ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలల దాకా ఇది కుదురుతుంది. వీసా పోతుందన్న భయంతో జబ్బును దాచుకుని క్లాసులకు ఈడ్చుకుంటూ వెళ్ళే మనవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి రాస్తున్నాను.)

ఇప్పుడు సావనీర్ సంగతి. మీ ఉద్దేశం మంచిదే, కానీ దయచేసి అనుభవాలు పంపమని వాట్సాప్ గ్రూపుల్లో పిలుపు ఇవ్వకండి. మేడం దగ్గరికి వెళ్ళినవాళ్ళలో చాలామంది ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. ఇప్పుడు వాళ్ళకు పెళ్ళిళ్ళయ్యాయి, ఉద్యోగాలున్నాయి. ఒకరు రాస్తే, "నువ్వు కూడా వెళ్ళేదానివి కదా, నువ్వు రాయలేదేం?" అని ఇంకొకరిని అడిగే స్నేహితులు ఉంటారు. పేరు మార్చి రాసినా, ఏ బ్యాచ్, ఏ హాస్టల్, ఏ ఊరు అన్న వివరాలతో ఎవరో గుర్తుపట్టేస్తారు. సభలో ఒకరిని వేదిక మీదికి పిలిచి, "మేడం లేకపోతే ఈ రోజు నేను లేను" అనిపించడం అంతకంటే ప్రమాదం. చప్పట్ల మధ్య అన్నవాళ్ళు ఆ రాత్రి ఇంటికెళ్ళి బాధపడటం నాకు తెలుసు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఈ సమాచారాన్ని గోప్యంగా ఉంచే హక్కు రోగికి ఇచ్చింది. అన్నిటికంటే ముఖ్యం, మేడం ఇన్నేళ్ళూ నోరు విప్పకుండా కాపాడిన రహస్యాలు అవి. ఆమె గౌరవం కోసం వేసే పుస్తకంలో అవి బయటపడకూడదు.

ఎవరికైనా రాయాలనిపిస్తే, కవరులో పెట్టి నేరుగా ఆమెకే పంపమనండి. మీ సంఘం ఆ కవర్లు తెరవకుండా అందజేస్తే చాలు. సావనీర్ తప్పదంటే, మేడంను కేసుల గురించి కాకుండా పని గురించి రాయమని అడగండి. ఏ నెలల్లో పిల్లలు ఎక్కువ వస్తారు, ఏ ఆఫీసులో ఎక్కడ చిక్కుపడతారు, వార్డెన్లకు ఏం తెలిస్తే బాగుంటుంది. తర్వాత వచ్చే కౌన్సెలర్‌కు అంతకంటే విలువైన పుస్తకం ఉండదు. మొదటి ఏడాది మొదటి రెండు నెలలు, డిటెన్షన్ జాబితాల సమయం, ఫలితాల వారం, ప్లేస్‌మెంట్ల సీజన్, ఇవి నేను చూసిన కష్టకాలాలు. మీ క్యాంపస్‌లో ఇంకేవో ఉండొచ్చు, అవి ఆమెకే తెలుసు.

ఆ గదిలో ఉన్న ఫైళ్ళ గురించి ఎవరూ ఆలోచించరు, మీరు ఆలోచించండి. రిటైరయ్యే రోజున బీరువా తాళాలు స్టోర్ కీపర్‌కు ఇచ్చేస్తారు. మిగతా సామానుతో పాటు కేసు నోట్సులు కూడా రిజిస్ట్రార్ ఆఫీసుకు చేరితే ఏమవుతుందో ఊహించుకోండి. అవి సీలు వేసి, తర్వాత వచ్చే అర్హత ఉన్న కౌన్సెలర్‌కే అందాలి, అదీ ప్రస్తుతం వస్తున్న విద్యార్థుల అనుమతితో. ఇప్పుడు ఆమె దగ్గరికి వస్తున్న పిల్లలకు ఆమె వెళ్ళే తేదీ కనీసం రెండు నెలల ముందు తెలియాలి. కొత్త మనిషి అప్పటికే చేరి ఉంటే, మేడం తానే కూర్చోబెట్టి పరిచయం చేయాలి. "ఈమె నా మనిషి, నాకు చెప్పినట్టే చెప్పు" అని ఆమె నోటితో అంటే పిల్లలు నమ్ముతారు. సర్క్యులర్‌లో చదివితే నమ్మరు. నేను ఖాళీ కుర్చీ గురించి అంత పట్టుబట్టింది ఇందుకే. ఇద్దరూ కొన్ని వారాలు కలిసి పనిచేసే వీలు లేకపోతే సగం నమ్మకం గాలికి పోతుంది.

డబ్బు సంగతికి వద్దాం. గోల్డ్ మెడల్ కోసం పెట్టే శాశ్వత నిధి (ఎండోమెంట్) ఏడాదికి ఒక్క టాపర్‌కు వెళ్తుంది. మేడం దగ్గరికి వచ్చినవాళ్ళలో టాపర్లు ఉండరని కాదు, కానీ ఆమె పొద్దంతా కూర్చున్నది బ్యాక్‌లాగ్‌లున్నవాళ్ళ కోసం, మెస్ బకాయి కట్టలేక, బాకీ లేదనే నో డ్యూస్ సర్టిఫికెట్ రానివాళ్ళ కోసం. అందుకని ఆ మొత్తాన్ని అత్యవసర నిధిగా పెట్టండి. పరీక్ష ఫీజు, ఊరికి బస్సు టికెట్, మందులు, ఒక నెల మెస్ బిల్లు. మనసు బాగోలేదని వచ్చిన పిల్లల్లో ఎంతమందికి అసలు సమస్య ఇలాంటి చిన్న మొత్తాల దగ్గర మొదలైందో లెక్క వేస్తే మీరు ఆశ్చర్యపోతారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2016 జనవరిలో రోహిత్ వేముల చనిపోయినప్పుడు, తనకు ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి ఉందని చివరి ఉత్తరంలో రాశాడు. కులం, సస్పెన్షన్, ఒంటరితనం, వీటన్నిటితో పాటు ఆ డబ్బు కూడా ఉంది. కౌన్సెలర్ గదిలో ఎంత ప్రేమగా విన్నా, ఆగిపోయిన స్టైపెండ్‌ను, రోజూ ఎదురయ్యే అవమానాన్ని ఆ వినడం తీర్చదు. మంచి కౌన్సెలర్ ఆ గది దాటి ఆఫీసుల్లోకి వెళ్ళి పోట్లాడతారు. మీ నిధి ఆ కౌన్సెలర్ చేతికి కాస్త బలం ఇవ్వాలి.

నిధి వాడే అధికారం కౌన్సెలర్‌కూ ఒక టీచర్‌కూ కలిపి ఇవ్వండి. చిన్న మొత్తానికి కమిటీ సమావేశం అక్కర్లేకుండా, అదే రోజు ఇచ్చేలా ఉండాలి. తీసుకున్న విద్యార్థి పేరు సంఘానికి తెలియకూడదు, మొత్తం, కారణం తెలిస్తే చాలు. ఇంకో జాగ్రత్త. అమెరికా మిత్రుల్లో భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, భారత సంతతివాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపేది విదేశీ విరాళం కిందికి వస్తుంది. దాన్ని తీసుకోవాలంటే మీ సంఘానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. డబ్బు తీసుకోకముందే ఆడిటర్‌ను అడగండి.

కొత్తవారు చేరేలోపు ఒకవేళ ఖాళీ తప్పకపోతే, హాస్టళ్ళలో, లైబ్రరీలో, మెస్ దగ్గర మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 రాసి పెట్టించండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఈ సేవ రాత్రీపగలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇంకో సంగతి వార్డెన్లందరికీ చెప్పండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన విద్యార్థి మీద కేసు అవుతుందని భయపడి ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా దాచే హాస్టళ్ళు ఇంకా ఉన్నాయి. 2017 చట్టం ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309 సెక్షన్ 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. భయపడి గంట ఆలస్యం చేస్తే ప్రాణం పోవచ్చు.

వీడ్కోలు సభ మాత్రం చేయండి, బాగా చేయండి. ఆమె పనికి గౌరవం దక్కడం పిల్లలు కళ్ళారా చూడాలి. కాపలాదారునీ, మెస్ వాళ్ళనీ, అటెండర్‌నూ ముందు వరసలో కూర్చోబెట్టండి. ఆమె సొంత ఫోన్ నంబరు ఇకమీదట ఆమెదే కావాలి కాబట్టి, సెంటర్‌కు ఒక సెల్ ఫోన్, ఒక నంబరు కొనిచ్చి, ఆ నంబరునే అన్ని చోట్లా రాయించండి. ఇన్నేళ్ళ తర్వాత ఆమెకు రాత్రి నిద్ర దక్కాలి.

వైస్ ఛాన్స్‌లర్ గారి దగ్గరికి వెళ్ళేటప్పుడు నలుగురికి మించి వెళ్ళకండి, ఒకరు ప్రస్తుత విద్యార్థి అయ్యుండాలి. రెండు పేజీల అర్జీ చాలు. రెగ్యులర్ పోస్టు, మేడం ఉండగానే నియామకం, ఫైళ్ళ అప్పగింత, డిటెన్షన్ జాబితాకు ముందు విడిగా మాట్లాడే పద్ధతి, ఈ నాలుగూ అడగండి. అడిగిన తేదీ వేసి రసీదు తీసుకోండి. యూనివర్సిటీ పాలకమండలి (ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్) సమావేశం ఎప్పుడో కనుక్కుని దానికి బాగా ముందే ఇవ్వాలి, లేకపోతే అజెండాలోకి ఎక్కకపోవచ్చు. మీ యూనివర్సిటీ ఏ రాష్ట్రంలో ఉందో, మేడం రెగ్యులర్ ఉద్యోగో కాంట్రాక్టో రాస్తే, అర్జీ ముసాయిదా నేనే రాసి ఇక్కడ పెడతాను.